నోటిమాట మీద నడిచే షెడ్డు ఎవరిది?

న్యూయార్క్ వీధుల్లో మ్యాన్‌హోళ్లను కప్పి ఉంచే ఇనుప మూతల్లో అనేకం హౌరాలో పోతపోసినవే. 2007 నవంబరులో న్యూయార్క్ టైమ్స్ పత్రిక, చెప్పులైనా లేని కాళ్లతో కరిగిన ఇనుమును మోస్తున్న హౌరా కార్మికుల ఛాయాచిత్రాలను ప్రచురించినప్పుడు ఈ సంగతి ప్రపంచానికంతటికీ తెలిసింది. ఆ మూతలను ఎగుమతి చేసే పెద్ద పోత కర్మాగారాలు చట్టబద్ధంగా ఏర్పడిన సంస్థలు. వాటికి పేర్లున్నాయి, డైరెక్టర్లున్నారు, దస్తావేజులున్నాయి. వాటి చుట్టూ బెలిలియస్ రోడ్డులోను, టికియాపాడాలోను, దాస్‌నగర్‌లోను, లిలువాలోను రేకుల కప్పుల కింద రెండు మూడు లేత్ యంత్రాలతో నడిచే వేలాది చిన్న వర్క్‌షాపుల సంగతి వేరు. వాటిలో దేని ముందైనా నిలబడి ‘ఈ షెడ్డు ఎవరిది?’ అని అడిగితే సమాధానం వెంటనే వస్తుంది. అదే ప్రశ్నను లోపల యంత్రం వద్ద పనిచేస్తున్న రెండవ మనిషిని విడిగా అడిగితే వచ్చే సమాధానం మొదటి దానితో కలవకపోవచ్చు.

వ్యాపార కుటుంబాల వాటాల తగాదాలు వార్తాపత్రికలకు కొత్తవి కావు. 2002 జూలైలో ధీరూభాయి అంబానీ వీలునామా రాయకుండా మరణించిన నాటి నుంచి 2005 జూన్‌లో సోదరులిద్దరూ సామ్రాజ్యాన్ని పంచుకునే దాకా, ఆ పంపకంలోని గ్యాస్ వివాదంపై 2010 మేలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పేదాకా, వార్తాసంస్థల యంత్రాలు ప్రతి మలుపునూ పుంఖానుపుంఖాలుగా పంపాయి. కలకత్తాలోనే ప్రియంవదా బిర్లా 1999 నాటి వీలునామా 2004లో ఆమె మరణానంతరం బయటపడినప్పుడు, ఎం.పి. బిర్లా సంస్థల ఆస్తి ఎవరికి చెందాలన్న వ్యాజ్యం ఏళ్ల తరబడి పతాక శీర్షికలకెక్కింది. వీటిని తెలుగు చేసే బల్ల వద్ద కూర్చున్న వారికి ఒక విషయం అలవాటుగా మారుతుంది: వేలకోట్ల వివాదంలో ప్రతి కాగితానికీ తేదీ ఉంటుంది, ప్రతి వాటాకూ అంకె ఉంటుంది. హౌరా షెడ్డులోని ఇద్దరు భాగస్వాముల వివాదం వార్తాసంస్థ తీగమీద రాదు. వచ్చినా రెండు వాక్యాల నేరవార్తగా, ఒకరు మరొకరిని యంత్రం మీటతో కొట్టిన తరువాత వస్తుంది. ఆ రెండు వాక్యాలలో ‘వ్యాపార విభేదాలు కారణమని తెలుస్తోంది’ అన్న మాట తప్ప ఆ విభేదం ఏమిటన్నది ఉండదు.

ఆ విభేదం ఎట్లా పుడుతుందో ఊహించడం కష్టం కాదు. శ్రీకాకుళం నుంచి తాత జనపమిల్లు పనికి హుగ్లీ తీరానికి వలస వచ్చిన కుటుంబంలోని ఒక యువకుడు లేత్ పని నేర్చుకున్నాడని అనుకుందాం. హుగ్లీ ఇరుగట్ల మీది జనపమిల్లులకు ఉత్తరాంధ్ర, గంజాం జిల్లాల నుంచి తెలుగు కార్మికులు వెళ్లడం వందేళ్లకు పైబడిన చరిత్ర. అతని చేతిలో పని ఉంది, డబ్బు లేదు. వీధిలోని మరొకరి వద్ద డబ్బు ఉంది, పని రాదు. డబ్బున్నవాడు పాత లేత్ ఒకటి కొంటాడు. పనివాడు దానిని నడుపుతాడు. ‘వచ్చింది చెరిసగం’ అన్న మాట టీకొట్టు వద్ద జరుగుతుంది. మొదటి ఏడాది చెరిసగమే పంచుకుంటారు. మూడవ ఏడాది లాభంలోంచి రెండవ లేత్ వస్తుంది. ఐదవ ఏడాది డ్రిల్లింగ్ యంత్రం వస్తుంది. ఆ రెండవ లేత్ ఎవరిది? ఇద్దరూ స్నేహంగా ఉన్నంతకాలం ఈ ప్రశ్న పుట్టదు. పుట్టిన రోజున దానికి సమాధానం రాసి ఉన్న కాగితం ప్రపంచంలో ఎక్కడా ఉండదు.

ఇటువంటి పొత్తులు ఎన్ని ఉన్నాయో ప్రభుత్వ లెక్కల్లో కనిపించదు. కనిపించకపోవడానికి కారణం ఆ లెక్కల్లోనే ఉంది. 2015-16 నాటి జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలోని సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థలు దాదాపు 6 కోట్ల 34 లక్షలు. అందులో పశ్చిమ బెంగాల్ వాటా 88 లక్షల 67 వేలు. ఉత్తరప్రదేశ్ తరువాత దేశంలో రెండవ స్థానం దానిదే. ఆంధ్రప్రదేశ్‌లో అవి సుమారు 34 లక్షలు, తెలంగాణలో 26 లక్షలు. దేశం మొత్తం మీద వీటిలో దాదాపు 96 శాతం ఏకవ్యక్తి యాజమాన్య సంస్థలని సర్వే తేల్చింది. ఈ 96 శాతాన్ని ఉన్నది ఉన్నట్లు నమ్మడం ఈ రచయితకు సాధ్యం కావడం లేదు. అన్నదమ్ములు, బావమరుదులు, బాల్యస్నేహితులు కలిసి దుకాణాలు నడిపే దేశంలో నూటికి తొంభైఆరు వ్యాపారాలకు నిజంగా ఒక్కడే యజమాని అయి ఉండడు. కాగితం మీద పేరు ఒక్కరిదే ఉంటుందన్నది మాత్రం నిజం.

ఎందుకు ఒక్కరిదే ఉంటుందంటే, రెండు పేర్లు రాయాలంటే రాతపూర్వక ఒప్పందం కావాలి. భాగస్వామ్య సంస్థకు పాన్ నంబరు ఇవ్వాలన్నా, బ్యాంకులో ఖాతా తెరవాలన్నా మొదట అడిగేది ఒప్పందపత్రాన్నే. అది లేనివారు ఏం చేస్తారు? ఇద్దరిలో ఎవరికి తీరిక ఉంటే అతని పాన్ కార్డుతో పని కానిచ్చేస్తారు. 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చింది. 2020 జూలై 1న ఆధార్‌తో ముడిపడిన ఉద్యమ్ నమోదు వచ్చింది. కరెంటు మీటరు, ట్రేడ్ లైసెన్సు, బ్యాంకు ఖాతా, చెల్లింపుల క్యు.ఆర్. కోడ్, అన్నీ ఒకే పేరు మీద వరుసగా పేరుకుపోతాయి. ఆఫీసుకు తిరిగే తీరిక ఉన్నవాడు యజమాని అవుతాడు. యంత్రం వద్ద తీరిక లేకుండా ఉన్నవాడు, తన సొంత షెడ్డులోనే, ఎవరికీ తెలియకుండా పనివాడుగా మారిపోతాడు. ప్రభుత్వానికి సమర్పించవలసిన కాగితాలు గత పాతికేళ్లలో అనేక రెట్లు పెరిగాయి. భాగస్వాములు ఒకరికొకరు ఇచ్చుకోవలసిన ఒక్క కాగితం మాత్రం పెరగలేదు.

చట్టం ఏమంటోంది? 1932 నాటి భారత భాగస్వామ్య చట్టం నోటిమాటను చిన్నచూపు చూడలేదు. లాభాలను పంచుకునేందుకు అంగీకరించి, అందరూ గాని, అందరి తరఫున కొందరు గాని వ్యాపారం నడిపితే అది భాగస్వామ్యమేనని నాల్గవ సెక్షను చెబుతోంది. అది రాతలో ఉండాలన్న షరతు లేదు. ఒప్పందాన్ని ప్రవర్తనను బట్టి కూడా గ్రహించవచ్చునని 11వ సెక్షను అంగీకరిస్తోంది. వేరే మాట లేకుంటే లాభనష్టాలు సరిసమానమని, పనిచేసినందుకు ప్రత్యేకంగా జీతం అడగరాదని 13వ సెక్షను నిర్దేశిస్తోంది. అంటే రేయింబవళ్లు లేత్ నడిపినవాడికి, వారానికొకసారి వచ్చి లెక్కలు చూసినవాడికి సమాన వాటాయే. ఇది ఒకరికి న్యాయంగా, మరొకరికి ఘోరంగా కనిపించవచ్చు. వాళ్లు మాట్లాడుకోని చోట చట్టం వాళ్ల తరఫున మాట్లాడింది, అంతే.

ఇంతవరకూ చట్టం ఉదారమే. అసలు చిక్కు 69వ సెక్షనులో ఉంది. మిగిలిన చట్టమంతా 1932 అక్టోబరులో అమలులోకి రాగా, జనం సిద్ధపడేందుకని ఈ ఒక్క సెక్షనును మాత్రం ఏడాది ఆపి 1933 అక్టోబరులో అమలు చేశారు. దీని ప్రకారం సంస్థను రిజిస్ట్రార్ వద్ద నమోదు చేయించుకోవడం నిర్బంధం కాదు. కాని నమోదు కాని సంస్థలోని భాగస్వామి తన ఒప్పందపు హక్కుల కోసం తోటి భాగస్వామి మీద దావా వేయలేడు. సరుకు తీసుకుని డబ్బు ఎగవేసిన ఖాతాదారు మీద కూడా ఆ సంస్థ దావా వేయలేదు. ఖాతాదారు మాత్రం ఆ సంస్థ మీద నిక్షేపంగా వేయవచ్చు. నూరు రూపాయలకు మించని దావాలకు మినహాయింపు ఇచ్చారు. 1932లో నూరు రూపాయలంటే చెప్పుకోదగిన మొత్తం. అప్పటినుంచి ఆ అంకెను ఎవరూ ముట్టుకోలేదు. నేడు నూరు రూపాయల కోసం కోర్టుకు వెళ్లేవాడికి ఆటో చార్జీ కూడా గిట్టదు.

మరొక మినహాయింపు ఉంది. భాగస్వామ్యాన్ని రద్దు చేయమని, రద్దయిన సంస్థ లెక్కలు తేల్చమని అడిగేందుకు నమోదు అవసరం లేదు. దీని అర్థం ఏమిటో హౌరా పనివాడి దృష్టితో చూస్తే తెలుస్తుంది. వ్యాపారం బతికి ఉండగా ‘నా వాటా ఇయ్యి’ అని అడిగే మార్గం అతనికి లేదు. వ్యాపారాన్ని చంపితేనే కోర్టు తలుపు తెరుచుకుంటుంది. ఆ షెడ్డే అతని జీవనాధారం. దాన్ని చంపి, దాని ఆస్తులు అమ్మించి, అప్పులు తీర్చగా మిగిలినదానిలో సగం కోసం ఏళ్లు ఎదురుచూడాలి. మహారాష్ట్ర ప్రభుత్వం 1984లో ఈ కాస్త మార్గాన్ని కూడా మూసివేస్తూ తన రాష్ట్రానికి సవరణ చేసింది. భాగస్వామి ఆస్తిని పరిహారం లేకుండా లాక్కున్నట్లేనంటూ 2009లో సుప్రీంకోర్టు ఆ సవరణను కొట్టివేయవలసి వచ్చింది.

కలకత్తాతో సంబంధమున్న ఒక ప్రసిద్ధ వివాదం ఈ 69వ సెక్షను దాకా వచ్చింది. బికనీరు నుంచి మొదలై దేశమంతా విస్తరించిన హల్దీరామ్ భుజియావాలా కుటుంబంలో 1974 రద్దు పత్రం ప్రకారం పేరు మీద హక్కు పశ్చిమ బెంగాల్‌లో ఒక శాఖకు, మిగిలిన దేశంలో మరొక శాఖకు దక్కింది. 1990ల ఆరంభంలో బెంగాల్ శాఖవారు ఢిల్లీ కరోల్‌బాగ్‌లో దుకాణం తెరవడంతో రగడ మొదలైంది. దావా వేసిన సంస్థ నమోదు కాలేదు కనుక దావాయే చెల్లదని ఎదుటివారు వాదించారు. 2000లో సుప్రీంకోర్టు ఆ వాదనను తిరస్కరించింది. వాణిజ్య చిహ్నంపై హక్కు చట్టం వల్ల వచ్చినదే గాని ఒప్పందం వల్ల వచ్చినది కాదు కనుక 69వ సెక్షను అడ్డురాదని స్పష్టం చేసింది. తీర్పు రాసినది తెలుగువారైన జస్టిస్ ఎం. జగన్నాధరావు కావడం గమనార్హం. అయితే ఈ తీర్పు హౌరా షెడ్డుకు పెద్దగా ఉపకరించదు. అక్కడ పేరూ ప్రతిష్ఠా ఉన్న చిహ్నమేదీ లేదు. ఉన్నదల్లా మాట, ఆ మాట మీద కొన్న యంత్రం.

కాగితం విలువ ఎంతటిదో చెప్పడానికి మన ఆంధ్ర ప్రాంతపు వ్యాజ్యం ఒకటి ఇంకా మెరుగైన ఉదాహరణ. అద్దంకి వారు, భాస్కర వారు అనే రెండు ఉమ్మడి కుటుంబాలు కలిసి వడ్లు దంచే, వేరుశనగ కాయలు ఒలిచే వ్యాపారం సగం సగం వాటాలతో నడిపాయి. పెట్టుబడిలో భూమి కూడా కలిసింది. తరువాతి కాలంలో అద్దంకి వారు వాటా కోసం కోర్టుకెక్కారు. 1936లోనే లెక్కలు చూసుకుని విడిపోయామని, అప్పుడు కరారునామా రాసుకున్నామని ఎదుటివారు చెప్పారు. ఆ కరారునామా రిజిస్టరు కాలేదు. భూమి కలిసిన ఆస్తిని వదులుకునే పత్రం రిజిస్టరు కాకపోతే చెల్లుతుందా అన్న ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సంస్థ ఆస్తిలో భూమి ఉన్నప్పటికీ భాగస్వామి వాటా చరాస్తే అవుతుందని, అందువల్ల ఆ కాగితం చెల్లుతుందని 1966 జనవరిలో తీర్పు వచ్చింది. దేశమంతటా న్యాయవాదులు నేటికీ ఉదహరించే తీర్పు అది. న్యాయసూత్రాన్ని పక్కన పెట్టి చూస్తే మామూలు పాఠకునికి కనిపించేది ఇంకొకటి. ముప్పై ఏళ్ల తరువాత కూడా ఒక కుటుంబాన్ని కాపాడినది స్టాంపుల కట్ట కాదు, రిజిస్ట్రారు ముద్ర కాదు. విడిపోయిన నాడు రాసుకున్న ఒక కాగితం.

భాగస్వాములు అన్నదమ్ములైతే చిక్కు మరింత బిగుస్తుంది. హౌరాలో ఇది విచిత్రమైన రూపం దాలుస్తుంది. బెంగాలీలకు సంప్రదాయంగా వర్తించినది జీమూతవాహనుని దాయభాగం. తండ్రి బతికి ఉండగా కొడుకుకు పుట్టుకతో హక్కు లేదని అది చెబుతుంది. తెలుగువారికి, అక్కడ స్థిరపడిన మార్వాడీలకు వర్తించినది విజ్ఞానేశ్వరుని మితాక్షర. పుట్టిన కొడుక్కల్లా ఉమ్మడి ఆస్తిలో వాటా అన్నది దాని సూత్రం. కుటుంబం వలస వెళితే దాని ధర్మశాస్త్రమూ దానితోపాటే వెళ్లినట్లు భావించాలని బ్రిటిష్ కాలం నుంచీ న్యాయస్థానాలు చెబుతూ వచ్చాయి. కాబట్టి ఒకే వీధిలో పక్కపక్క షెడ్లలో ఒక బెంగాలీ తండ్రి లేత్ మీద, ఒక తెలుగు తండ్రికి పెద్దల నుంచి సంక్రమించిన సొమ్ముతో వచ్చిన లేత్ మీద కొడుకుల హక్కులు వేర్వేరుగా మొదలవుతాయి. 1956 వారసత్వ చట్టం ఈ తేడాను చాలావరకు తగ్గించింది. 2005 సవరణ, దానిపై 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు కూతుళ్లను మితాక్షర ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కుదారులను చేశాయి. ఆంధ్రప్రదేశ్ ఆ దిశగా 1985 సెప్టెంబరు నుంచే అడుగువేసిందన్నది మనం సగర్వంగా చెప్పుకోవచ్చు.

అన్న పేరున ఉన్న వ్యాపారమంతా ఉమ్మడి కుటుంబానిదేనని తమ్ముళ్లు భావించడం సహజం. చట్టం అట్లా భావించదు. ఉమ్మడి కుటుంబ సభ్యుని పేరున వ్యాపారం ఉన్నంత మాత్రాన, అతడు కుటుంబ పెద్దే అయినా సరే, అది ఉమ్మడి వ్యాపారమన్న ఊహ లేదని జి. నారాయణరాజు కేసులో సుప్రీంకోర్టు 1968లో పునరుద్ఘాటించింది. ఉమ్మడి సొమ్ముతో అది పెరిగిందనో, దాని ఆదాయం ఉమ్మడి ఆస్తిలో కలిసిందనో చెప్పేవారే రుజువు చేయాలి. పదేళ్లు అన్నకు టిఫిను డబ్బా మోసి, ఖాతాదారుల చుట్టూ తిరిగి వసూళ్లు చేసిన తమ్ముడు ఏ రసీదు చూపించగలడు? ‘తమ్ముడు తమ్ముడే, పేకాట పేకాటే’ అన్న మన సామెత ఆడేటప్పుడు గుర్తుంటుంది గాని వ్యాపారం మొదలుపెట్టేటప్పుడు గుర్తురాదు.

ఇక షెడ్డు నిలబడిన నేల కథ. కలకత్తా, హౌరాలకు ప్రత్యేకమైన ‘ఠికా’ కౌలు పద్ధతి గురించి తెలుగు పాఠకులు అంతగా విని ఉండరు. నేల జమీందారుది. ఆ నేలను కౌలుకు తీసుకుని కట్టడం వేసుకున్నవాడు ఠికా కౌలుదారు. ఆ కట్టడంలో అద్దెకున్నవాడు భాడాటియా. 1949 చట్టం ఈ మూడంచెల వ్యవస్థను గుర్తించింది. 1981 చట్టం జమీందారును తొలగించి నేలను రాష్ట్ర ప్రభుత్వపరం చేసింది. ఠికా హక్కు వారసులకు సంక్రమించవచ్చునే గాని వారసులకు, సహవాటాదారులకు మధ్య తప్ప బదిలీ కారాదని నిర్దేశించింది. 2001లో మరొక చట్టం దాని స్థానంలోకి వచ్చింది. ఈ నేలల మీద ఉన్న వర్క్‌షాపులో నేల ప్రభుత్వానిది, గోడలు ఒకరివి, అద్దె రసీదు మరొకరి పేరున, లోపలి యంత్రాలు నోటిమాట భాగస్వాములవి. అద్దె రసీదు పేరు మీద ఉన్న భాగస్వామి ఒక రాత్రి తాళం మారిస్తే రెండవవాడు యంత్రం తనదని అరవగలడు గాని, గుమ్మం దాటి లోపలికి పోయే హక్కు తనకు ఉందని చూపలేడు. హౌరా తగాదాల్లో మొదటి ఆయుధం దావా కాదు, తాళం.

2023 జూలైలో హౌరా మైదాన్ దగ్గరి మంగళాహాట్ ఒక రాత్రిలో బూడిదైంది. మంగళవారం సంతగా పేరుపడిన ఆ దుస్తుల బజారులో ఒక భాగానికి ‘పోడా హాట్’, అంటే కాలిపోయిన సంత అన్న పేరు 1987 నాటి అగ్నిప్రమాదం వల్లనే వచ్చింది. మరునాడు ముఖ్యమంత్రి మమతా బెనర్జీ స్వయంగా వచ్చి సి.ఐ.డి. దర్యాప్తుకు ఆదేశించారు. ఇటువంటి ప్రమాదం తరువాత నష్టపోయినవారి జాబితా రాసే అధికారి ముందు ఎవరు నిలబడాలి? రసీదు ఉన్నవాడు నిలబడతాడు. అతనితో కలిసి సరుకు కొన్న రెండవవాడి నష్టం కూడా అంతే, కాని అతని పేరు రాయడానికి జాబితాలో గడి ఉండదు. నిప్పు ఇద్దరినీ సమానంగా చూస్తుంది, జాబితా చూడదు.

అన్నిటికంటే దారుణమైన స్థితి భాగస్వామి మరణించినప్పుడు ఎదురవుతుంది. ఇద్దరే ఉన్న భాగస్వామ్యం ఒకరి మరణంతో ఆ క్షణమే రద్దవుతుంది. లెక్కలు తేల్చమని దావా వేయడానికి గడువు మూడేళ్లు. పెద్దకర్మ ముగిసి, పిల్లల చదువుల సంగతి చూసుకుని, భార్య షెడ్డుకు వెళ్లి వాటా అడిగేసరికి బతికి ఉన్నవాడు ‘మీ ఆయన నా దగ్గర మేస్త్రిగా పనిచేశాడు, వాటా ఎక్కడిది?’ అంటాడు. లాభంలో కొంత పుచ్చుకున్నంత మాత్రాన భాగస్వామి అయిపోడని చట్టంలోని ఆరవ సెక్షనే అంటోంది. జీతానికి బదులు లాభంలో వాటా పుచ్చుకునే పనివాళ్లు లోకంలో ఉన్నారు. కాబట్టి భర్త యజమాని అని ఆమె రుజువు చేయాలి. అతడు సరుకు కొన్నట్లు, ధర ఖాయం చేసినట్లు, సంస్థ తరఫున మాట ఇచ్చినట్లు సాక్షులు కావాలి. ఆ సాక్షులందరూ ఇప్పుడు బతికి ఉన్న భాగస్వామితో వ్యాపారం చేస్తున్నవారే.

సరే, మేస్త్రి అనే ఒప్పుకుందామా? అతడు యంత్రం వద్ద ప్రమాదంలో మరణించి ఉంటే 1923 నాటి పరిహార చట్టం కింద, ఇప్పుడైతే దాని స్థానంలోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి కింద, ఆమెకు యజమాని నష్టపరిహారం చెల్లించాలి. ఆ దరఖాస్తు పెట్టిన రోజున అదే మనిషి వచ్చి ‘ఆయన నా పనివాడేమిటి, సగం భాగస్వామి గదా’ అనవచ్చు. వాటా అడిగితే పనివాడు, పరిహారం అడిగితే భాగస్వామి. ఏ కాగితమూ లేనందువల్ల రెండు మాటలూ చెప్పగల స్వేచ్ఛ బతికి ఉన్నవాడికే దక్కింది. కాగితం లేకపోవడం ఇద్దరికీ సమానమైన లోటని మనం అనుకుంటాం. అది పొరపాటు. పేరు ఎవరిదో అతనికి అది లోటు కాదు, ఆస్తి.

రాసుకోకపోవడానికి అమాయకత్వమే కారణమని తీసిపారేయడం సులభం. నిజానికి కారణాలు వేరు. రాసుకుందామన్న మాట ఎత్తడమే అపనమ్మకాన్ని ప్రకటించినట్లు. ఎత్తినవాడికే దురుద్దేశం అంటగట్టబడుతుంది. పెట్టుబడి పెట్టినవాడి డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో రాతలో చూపడం కొన్నిసార్లు అతనికే ఇష్టం ఉండదు. వకీలు ఫీజు, స్టాంపు ఖర్చు ఉంటాయి. పైగా నోటిమాట మీద రెండు మూడు తరాలు నిరాటంకంగా సాగిన వ్యాపారాలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. విజయవాడ ఆటోనగర్‌లోనూ ఉన్నాయి, హైదరాబాద్ బేగంబజారులోనూ ఉన్నాయి. ఆ నమ్మకాన్ని పరిహసించే అర్హత, ప్రతి పంక్తికీ సంతకాలు పెట్టుకుని కూడా కోర్టుల్లో కొట్టుకునే పెద్ద కంపెనీలకు లేదు. బిర్లా వ్యాజ్యంలో కొరవడినది రాత కాదు. రాత ఉన్నందువల్ల తగాదా రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. రాత ఉంటే తగాదా దేని గురించో తెలుస్తుంది.

పాత వర్తకులు దీనికి ఒక మధ్యేమార్గం పాటించారు. ఒప్పందం రాసుకోకపోయినా చిట్టా, ఆవర్జాలు రాసేవారు. ఎవరు ఎంత తెచ్చారో, ఎంత తీసుకున్నారో రోజువారీగా నమోదయ్యేది. బెంగాల్‌లో పొయిలా బొయిషాఖ్ నాడు ఎర్ర అట్ట ఖాతాపుస్తకానికి పూజచేసి ‘హాల్‌ఖాతా’ తెరిచే ఆచారం నేటికీ ఉంది. ఆ పుస్తకంలో ఇద్దరి పేర్ల మీదా ఖాతాలుంటే, సక్రమంగా రాస్తే, న్యాయస్థానానికి ప్రవర్తన నుంచి ఒప్పందాన్ని గ్రహించే ఆధారం దొరుకుతుంది. ఇప్పుడు ఆ పుస్తకం స్థానాన్ని చాలాచోట్ల సెల్‌ఫోను ఆక్రమించింది. డబ్బు క్యు.ఆర్. కోడ్ ద్వారా ఒక్కరి ఖాతాలోకి వెళుతుంది. రెండవవాడికి సాయంత్రం నగదు చేతిలో పెడతారు. వచ్చినది అణాపైసలతో సహా నమోదవుతుంది, పంచినది గాలిలో కలిసిపోతుంది. మధ్యవర్తిత్వ న్యాయం కోరదామన్నా, 1996 చట్టం ప్రకారం మధ్యవర్తి ఒప్పందం రాతలోనే ఉండాలి. వాణిజ్య న్యాయస్థానాల పరిమితిని 2018లో కోటి రూపాయల నుంచి 3 లక్షలకు తగ్గించడం వల్ల చిన్నవారికి తలుపు కొంత దగ్గరైంది గాని, లోపలికి వెళ్లేవాడు చేతిలో ఏదో ఒకటి పట్టుకుని వెళ్లాలి.

ప్రభుత్వం ఇందులో చేయగలిగింది లేకపోలేదు. 69వ సెక్షనులోని నూరు రూపాయల పరిమితిని 1932 విలువకు తగినట్లు పెంచడం పార్లమెంటు పని. నమోదు కాని సంస్థలోని భాగస్వామికి, వ్యాపారాన్ని రద్దు చేయించకుండానే లెక్కలు అడిగే హక్కు ఇవ్వడం కూడా దాని పనే. నమోదును ప్రోత్సహించడానికే ఈ నిర్బంధం పెట్టామని 1932 నాటి శాసనకర్తలు భావించి ఉండవచ్చు. తొంభై ఏళ్ల తరువాత 96 శాతం సంస్థలు ఏకవ్యక్తి సంస్థలుగా నమోదవుతుంటే ఆ ప్రోత్సాహం ఎంత ఫలించిందో వేరుగా చెప్పనక్కరలేదు. ఇవి జరిగేసరికి మరో తరం గడిచిపోవచ్చు.

అంతకన్నా తక్కువ శ్రమతో అయ్యే పని ఒకటి ఉంది. ఉద్యమ్ నమోదు పత్రం ఏకవ్యక్తి సంస్థ అయితే యజమాని ఆధార్ సంఖ్యను, భాగస్వామ్యమైతే నిర్వాహక భాగస్వామి సంఖ్యను, ఉమ్మడి కుటుంబమైతే కర్త సంఖ్యను అడుగుతుంది. ఏకవ్యక్తి సంస్థ అని గుర్తుపెట్టినవారిని మరొక ప్రశ్న అడగవచ్చు: ఈ వ్యాపారంలో లాభం పంచుకునేవారు ఇంకెవరైనా ఉన్నారా, ఉంటే పేరేమిటి, వాటా ఎంత? ఉన్నవారు ఫోనుకు వచ్చే సంఖ్యతో ఆ మాటను ధ్రువీకరిస్తే చాలు. బెంగాలీలోను, తెలుగులోను, హిందీలోను ఆ ప్రశ్న కనిపించాలి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించిన తరువాత ఈ కోరికలో అసాధారణమేమీ లేదు. ఆ ప్రశ్నకు అబద్ధం చెప్పేవారు ఉంటారు, ఖాళీగా వదిలేవారు ఇంకా ఎక్కువమంది ఉంటారు. నింపినవారి భార్యాపిల్లల చేతిలో మాత్రం తేదీతో కూడిన ఒక ఆధారం ఉంటుంది. ఉద్యమ్ నిబంధనలు 2020 జూన్ 26న ఒక నోటిఫికేషన్ రూపంలో వెలువడ్డాయి. ఈ గడిని చేర్చడానికి కావలసినది కూడా అటువంటి మరొక నోటిఫికేషన్ మాత్రమే.